బీసీ547తో 12 వోల్టుల గేర్ మోటారు ఎందుకు తిరగడం లేదు?

ఆర్డుయినో బోర్డు పిన్ నుంచి 10కే (10 వేల ఓమ్స్) రెసిస్టర్ మీదుగా బీసీ547 ట్రాన్సిస్టర్ బేస్‌కి ఇచ్చానని, కలెక్టర్ వైపు 12 వోల్టుల గేర్ మోటారు పెట్టానని, మోటారు కదలకపోగా ట్రాన్సిస్టర్ చురుక్కుమంటోందని రాశారు.

కోడ్ జోలికి పోకండి, తేడా అక్కడ లేదు. 5 వోల్టుల్లో బేస్ దగ్గర 0.7 పోతే, మిగిలిన 4.3కి 10కే గుండా వెళ్లేది 0.43 మిల్లీ ఆంపియర్లు. గెయిన్ (బేస్ కరెంటుని ట్రాన్సిస్టర్ ఎన్ని రెట్లు చేస్తుందో ఆ లెక్క) 200 అనుకున్నా కలెక్టర్‌లో వచ్చేది 86 మిల్లీ ఆంపియర్లే. దానికి గేర్ మోటారు కదలదు. కదలని మోటారంటే ఉత్త తీగచుట్ట. దాని రెసిస్టెన్స్ 6 ఓమ్స్ అనుకుంటే అక్కడ పడేది అర వోల్టే, మిగతా పదకొండున్నరా ట్రాన్సిస్టర్ నెత్తినే. దాదాపు ఒక వాట్ వేడి. బీసీ547 తట్టుకునేది సుమారు అర వాట్. రెసిస్టర్ తగ్గించినా లాభం లేదు, ఆ పార్ట్ పరిమితే 100 మిల్లీ ఆంపియర్లు.

మోటారు మీద రాసిన కరెంటు చూసి ట్రాన్సిస్టర్ కొనకండి, అది తిరుగుతున్నప్పటి లెక్క. సప్లై తీసేసి, మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి మోటారు రెండు టెర్మినల్స్ మధ్య చూడండి. షాఫ్ట్‌ని కాస్త కాస్త జరుపుతూ చూడాలి (గేరు బిగుతుగా ఉంటే బలవంతం వద్దు), బ్రష్ కూర్చున్న చోటుని బట్టి రీడింగ్ మారుతుంది. అన్నిటికన్నా తక్కువది తీసుకోండి. 6 ఓమ్స్ వస్తే, స్టార్టయ్యేటప్పుడూ ఇరుక్కున్నప్పుడూ 2 ఆంపియర్లు లాగుతుందన్నమాట.

టిప్122 అనే పెద్ద ట్రాన్సిస్టర్ పనిచేస్తుంది కానీ దానిలోనే వోల్టు దాకా పోతుంది, హీట్‌సింక్ తప్పదు. నేనైతే ఐఆర్ఎల్‌జెడ్44ఎన్ మాస్‌ఫెట్ (గేట్‌కి ఇచ్చే వోల్టేజ్‌తో తెరుచుకునే ట్రాన్సిస్టర్) వాడతాను. 2 ఆంపియర్లకి 0.1 వాట్ వేడి, చేత్తో పట్టుకోవచ్చు. పేరులో ‘ఎల్’ ఉందో లేదో చూసి కొనండి. కోఠి గుజరాతీ గల్లీలో అయినా ఇంకెక్కడైనా ఉత్త ‘జెడ్44’ అని అడిగితే ఐఆర్ఎఫ్‌జెడ్ చేతిలో పెడతారు. అది గేట్‌కి 10 వోల్టులు ఇస్తారని చేసింది. 5 వోల్టులకి ఒక పీస్ బాగానే తెరుచుకుంటుంది, ఇంకోటి తెరుచుకోదు. గేట్‌కి 220 ఓమ్స్ సిరీస్‌లో పెట్టి, గేట్ నుంచి గ్రౌండ్‌కి 10కే వేయండి. లేకపోతే బోర్డు ఆన్ అయ్యేటప్పుడు మోటారు తనంతట తనే ఉలిక్కిపడుతుంది.

ఇక మీరు రాసిన కనెక్షన్లలో డయోడ్ లేదు. నేను మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్ల స్పీడ్ బోర్డులు రిపేరు చేస్తుంటాను. మాస్‌ఫెట్ మార్చినా మళ్లీ పోయిందంటూ వచ్చే వాటిలో ముందు చూసేది డయోడే. అది ఓపెన్ అయితే, ఆఫ్ చేసిన ప్రతిసారీ మోటారు కాయిల్ కొట్టే వోల్టేజ్ దెబ్బ మాస్‌ఫెట్ మీదే పడుతుంది. తెల్ల గీత ప్లస్ వైపు ఉండేలా మోటారుకి అడ్డంగా వేయండి. ఆన్-ఆఫ్ వరకే అయితే 1ఎన్4007 చాలు. పీడబ్ల్యూఎమ్‌తో (చాలా వేగంగా ఆన్-ఆఫ్ చేస్తూ) స్పీడ్ మారుస్తారంటే 1ఎన్4007 నెమ్మది, 1ఎన్5822 వేయండి.

12 వోల్టుల అడాప్టర్ మైనస్‌నీ ఆర్డుయినో గ్రౌండ్‌నీ కలపడం మర్చిపోకండి. మోటారుకి ఆర్డుయినో 5 వోల్టుల పిన్ నుంచి మాత్రం సప్లై ఇవ్వొద్దు. మోటారు రెండు వైపులా తిరగాలంటే ఈ సర్క్యూట్ పనికిరాదు, మోటారులో కరెంటు దిశ మార్చే హెచ్ బ్రిడ్జ్ సర్క్యూట్ కావాలి.