లెక్కలు రావని ఎవరన్నారు?

ప్రశ్న: మాది పొందూరు దగ్గర పల్లె. నాకు 41 ఏళ్ళు. పదో తరగతి లెక్కల్లో తప్పాను. "గుంటకి లెక్కలు రావు, ఇంకేటి సదివిస్తాం" అన్నారు నాన్న. అమ్మ పక్కన కూర్చుని పత్తి ఏకడం నేర్చుకున్నాను, తర్వాత పెళ్ళయింది. ఆయన హైదరాబాదులో తాపీ పని చేస్తారు, సంక్రాంతికి వస్తారు. పాప డిగ్రీ చదువుతోంది. నాన్న నిరుడు పోయారు. అప్పట్నుంచి ఇన్నేళ్ళూ నేను చేసిందేంటా అని ఒకటే దిగులు. డ్వాక్రాలో నన్ను లీడరుగా ఉండమంటే లెక్కలు రావని తప్పించుకున్నాను. నలుగురిలో లేచి మాట్లాడాలంటే చేతులు చెమటలు పడతాయి. మొన్న మా పుస్తకాలు రాసే అమ్మాయి ఒకరి బాకీలో 340 రూపాయలు ఎక్కువ వేస్తే, చూసి పక్కావిడ చెవిలో చెప్పాను. 'నిన్ను నువ్వు తెలుసుకో' అని పాప వీడియోలు పంపుతోంది. ఎలా తెలుసుకోవాలండీ?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి 340 దగ్గర ఆగిపోయాను. ఇన్నేళ్ళూ లెక్కలు రావనుకుంటున్న మనిషి, పుస్తకాలు రాయడమే పనిగా ఉన్న అమ్మాయి తప్పు పట్టుకుంది! పైగా ఆ సంగతి చివర్లో, ఏదో మాటవరసకి రాసినట్టు రాశారు.

నలభై వేలకి నూటికి రూపాయి వడ్డీ అయితే ఏడు నెలలకి ఎంతమ్మా? ఈ వాక్యం పూర్తిగా చదవకుండానే మీ నోట 2800 వచ్చేసి ఉంటుంది. బళ్ళో దీన్నే బారువడ్డీ అని, అసలు, కాలం, రేటు గుణించి వందతో భాగించమని చెప్పి ఉంటారు. అప్పుడు అర్థం కాలేదేమో. ఇప్పుడు అదే లెక్క నెలనెలా నోటితో వేస్తున్నారు. పత్తి సంగతీ అంతే. మీ పొందూరు ఖద్దరుకి వాలుగ చేప దవడతో పత్తి ఏకే ఒడుపు చూసినంత మాత్రాన పట్టుబడదు. దాన్నీ అరవాక్యంలో తేల్చేశారు.

వీడియోల గురించి నా అభిప్రాయం చెప్పమంటారా? నిన్ను నువ్వు తెలుసుకో అనడం సులువు, ఎక్కడ వెతకాలో మాత్రం వాళ్ళు చెప్పరు. కళ్ళు మూసుకుని కూర్చుంటే మీకు నాన్న మాటే వినబడుతుంది. మీరు చేసే పనుల్లో వెతకండి.

నాన్న మాట గురించి ఒక అనుమానం. మీ కింద తమ్ముడో, పైన అన్నో ఉన్నాడా? ఆ ఏడాది వాడి ఫీజు కట్టారా? నా దగ్గరకొచ్చే ఉత్తరాల్లో, 'చదివించడానికి డబ్బుల్లేవు' అనలేని తండ్రులు 'దానికి చదువు రాదు' అన్న సందర్భాలు చాలానే చూశాను. మీ నాన్న అలాగే అన్నారని నేననను. అమ్మ ఉన్నారుగా, తీరిక చూసుకుని అడగండి. జవాబు విని కోపం రావచ్చు, ఏడుపూ రావచ్చు, పోయినవాళ్ళ మీద కోపం వచ్చిందని మళ్ళీ బాధా పడవచ్చు. రానివ్వండి. ఆయన్ని వెంటనే క్షమించెయ్యాలనేమీ లేదు.

ఇక పదో తరగతి. సార్వత్రిక విద్యాపీఠం అని ఉంది, ఓపెన్ స్కూల్ అంటారు. వయసు దాటిపోయిందనే బెంగ లేదు. ఐదు సబ్జెక్టులు, అన్నీ ఒక్కసారే గట్టెక్కాలని లేదు, కొన్నేళ్ళ గడువుంటుంది. రోజూ బడికి వెళ్ళి పాపకన్నా చిన్నపిల్లల మధ్య కూర్చోనక్కర్లేదు. దగ్గర్లో స్టడీ సెంటర్ ఎక్కడుందో మీ హైస్కూల్లో అడిగితే చెబుతారు. అక్కడ సబ్జెక్టులు ఎంచుకునే వీలుంది, లెక్కలు తప్పించుకుని వేరేది తీసుకోవచ్చు. తీసుకోకండి. లెక్కలే రాయండి. ఒకసారి తప్పినా మళ్ళీ రాద్దురుగాని. ఆయనకి ముందే చెప్పాలా, సంక్రాంతికి వచ్చాక చెప్పాలా అన్నది మీ ఇష్టం. మార్కుల మెమో చేతికొచ్చాక చెప్పినా తప్పులేదు!

చేతుల చెమటలు మాట్లాడగా మాట్లాడగా తగ్గుతాయి, మాట్లాడకపోతే తగ్గవు. అయితే ఈ దిగులుతో రాత్రిళ్ళు నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా నా ఉత్తరం కోసం చూడకండి. మనసు బాధలు చెప్పుకోవడానికి ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చెయ్యండి, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

లీడరు పదవి ఇప్పుడే ఒప్పుకోమనను. వచ్చే సమావేశంలో ఒక్క పని చెయ్యండి. కూర్చున్నచోట కూర్చునే, అందరికీ వినబడేలా, "ఆ పుస్తకం ఒకసారి ఇలా ఇవ్వమ్మా" అనండి. పేజీ తిప్పి, పోయిన నెల 340 సరిచేశారో లేదో చూడండి. సరిచేశారో లేదో నాకూ రాయండి.