‘యూజ్డ్ టు’ దగ్గర తడబడే అమ్మాయికి

అమ్మాయీ,

ఆశీస్సులు. ఇంటర్వ్యూలో చెప్పడానికని నువ్వు రాసి పంపిన స్వపరిచయం చదివాను. మిగతాదంతా బాగానే ఉంది కానీ, రెండు వాక్యాలు నీ కొంప ముంచేలా ఉన్నాయి. ‘ఐ యూజ్డ్ టు గెట్ అప్ ఎట్ ఫైవ్ అండ్ స్టడీ ఫర్ టూ అవర్స్’ అన్నావు. రోజూ ఐదింటికి లేచి రెండు గంటలు చదువుతానని నీ ఉద్దేశం. వినేవాళ్లకు అర్థమయ్యేది మాత్రం ‘ఒకప్పుడు లేచి చదివేదాన్ని, ఇప్పుడు మానేశాను’ అని. కింద ‘ఐ యూజ్డ్ టు బి వెరీ పంక్చువల్’ అని ఇంకోటి. ఇది మరీ ఘోరం. ఈమధ్య వేళకు రావడం లేదని నీ నోటితో నువ్వే ఒప్పుకున్నట్టు!

‘యూజ్డ్ టు అంటే అలవాటు’ అని ఎవరో నీకు చిన్నప్పుడు నూరిపోసి ఉంటారు. అది సగం నిజం, అందుకే ప్రమాదం. ఒకే అక్షరాలతో కనిపించే ఈ మాట ఇంగ్లీషులో మూడు వేర్వేరు పనులు చేస్తుంది. ఒక్కోదానికి తెలుగులో ఒక్కో రూపం ఉంది. అది పట్టుకుంటే చాలు.

మొదటిది, నువ్వు తప్పు రాసింది. యూజ్డ్ టు తర్వాత క్రియ మామూలు రూపంలో వస్తుంది. దీనికి మన భాషలో అచ్చుగుద్దినట్టు సరిపోయే రూపం ఉంది: పాడేదాన్ని, ఆడేవాడు, వెళ్లేవాళ్లు, ఉండేది. ‘ఐ యూజ్డ్ టు సింగ్’ అంటే పాడేదాన్ని. ‘హీ యూజ్డ్ టు స్మోక్’ అంటే సిగరెట్లు కాల్చేవాడు. ‘దేర్ యూజ్డ్ టు బి ఎ వెల్ హియర్’ అంటే ఇక్కడ బావి ఉండేది. మనకు మనిషిని బట్టి చివర మారుతుంది, వాళ్లకు ఏమీ మారదు. కాబట్టి ఒక వాక్యంలో యూజ్డ్ టు వాడాలా వద్దా అని అనుమానం వస్తే, ముందు దాన్ని తెలుగులో అనుకో. నోటికి ‘లేస్తాను’ అని వస్తే యూజ్డ్ టు జోలికి పోకు. ‘లేచేదాన్ని’ అని వస్తే వాడుకో.

ఈ కొలత కూడా ఒకచోట మోసం చేస్తుంది. ‘నువ్వు ముందే చెప్పి ఉంటే వచ్చేదాన్ని’ అంటాం కదా, అక్కడున్న ‘వచ్చేదాన్ని’ పాత అలవాటు కాదు, జరగని పని. దానికి ఇంగ్లీషులో ‘ఐ వుడ్ హావ్ కమ్’ అనాలి. వాక్యంలో ‘చెప్పి ఉంటే’ లాంటి జరగని షరతు కనిపించిందంటే యూజ్డ్ టు అక్కడిది కాదు.

ఇంకొకటి, లెక్క. ‘ఐ యూజ్డ్ టు లివ్ దేర్ ఫర్ ఫైవ్ ఇయర్స్’ అని రాస్తారు చాలామంది. మొత్తం ఎన్నేళ్లు, మొత్తం ఎన్నిసార్లు అని చెప్పేటప్పుడు ఈ ప్రయోగం కుదరదు. ‘ఐ లివ్డ్ దేర్ ఫర్ ఫైవ్ ఇయర్స్’ చాలు. మరి నీ వాక్యంలో ‘ఫర్ టూ అవర్స్’ ఉందే అంటావేమో. అది ఒక్కో రోజుకు చెందిన లెక్క, మొత్తానిది కాదు, కనుక దాంతో పేచీ లేదు. అలాగే ‘త్రీ టైమ్స్ ఎ వీక్’ అనొచ్చు, వారానికి మూడుసార్లు కాబట్టి. ఉత్త ‘త్రీ టైమ్స్’ అనకూడదు.

పాత అలవాట్ల గురించి చెప్పేటప్పుడు దీని బదులు ‘వుడ్’ కూడా వస్తుంది. మళ్లీ మళ్లీ చేసిన పనులకు మాత్రమే సుమా. బావి ఉండేది, జుట్టు పొడుగ్గా ఉండేది, అతనంటే ఇష్టం ఉండేది లాంటి స్థితులకు వుడ్ పనికిరాదు, యూజ్డ్ టు ఒక్కటే దిక్కు.

ఇక ‘లేదు’ అనడం, అడగడం. ‘కాఫీ తాగేదాన్ని కాదు’ అనాలంటే ‘ఐ డిడ్‌న్ట్ యూజ్ టు డ్రింక్ కాఫీ’. అడగాలంటే ‘డిడ్ యూ యూజ్ టు డ్రింక్ కాఫీ?’ రెండింటిలోనూ చివరి ‘డి’ అక్షరం పోయింది చూశావా? గతాన్ని ‘డిడ్’ మోసేసింది, రెండోసారి మోయక్కర్లేదు. మాట్లాడేటప్పుడు ఆ డి ఉన్నా లేనట్టే వినిపిస్తుంది కనుక ఎవరూ పట్టుకోరు. రాసినప్పుడే దొరికిపోతాం. ‘నెవర్’ వేస్తే మాత్రం డిడ్ ఉండదు కాబట్టి డి తిరిగొస్తుంది: ‘ఐ నెవర్ యూజ్డ్ టు డ్రింక్ కాఫీ.’

అన్నట్టు దీనికి వర్తమానం లేదు. ‘ఐ యూజ్ టు గో’ అని, ఇప్పుడు వెళ్తుంటానన్న అర్థంలో అనేవాళ్లున్నారు. అలాంటి ప్రయోగమే లేదు. ‘ఐ యూజువల్లీ గో’ అను, లేదా ఏ తోకా లేకుండా ‘ఐ గో’ అను.

రెండో పనికి వద్దాం. యూజ్డ్‌కు ముందు యామ్, ఈజ్, ఆర్, వాజ్ లాంటిది చేరితే అర్థం అమాంతం మారిపోతుంది. ‘ఐ యామ్ యూజ్డ్ టు గెటింగ్ అప్ ఎర్లీ’ అంటే పెందలాడే లేవడం నాకు కొత్త కాదు, కష్టం కాదు అని. ఇక్కడ ‘గెట్’ అని ఊరుకుంటే తప్పు, ‘గెటింగ్’ అనాలి. ఎందుకో తెలుగే చెబుతుంది. ‘లేవడానికి అలవాటు పడ్డాను’ అంటాం. లేవడానికి అంటే లేవడం, దానికి ‘కి’. ఆ లేవడమే గెటింగ్ అప్, ఆ ‘కి’నే టు. నమ్మకం కుదరకపోతే టు తర్వాత ‘ఇట్’ పెట్టి చూడు. ‘ఐ యామ్ యూజ్డ్ టు ఇట్’ అని వాక్యం నిలబడింది కదా, అయితే అక్కడ క్రియకు ఇంగ్ తగిలించాల్సిందే. నువ్వు ఉత్తరాల చివర రాసే ‘లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యూ’ని కూడా ఇదే పరీక్షకు పెట్టు. ‘మీటింగ్’ అని దిద్దుకుంటావు.

అయితే మన ‘అలవాటు’ అన్నచోటల్లా ఇది అతకదు. గోళ్లు కొరకడం అతనికి అలవాటు అనడానికి ‘హీ ఈజ్ యూజ్డ్ టు బైటింగ్ హిజ్ నెయిల్స్’ అంటే వినడానికి వింతగా ఉంటుంది, గోళ్లు కొరకడమనే కష్టాన్ని పాపం తట్టుకోవడం నేర్చుకున్నాడన్నట్టు. అక్కడ ‘హీ హాజ్ ఎ హ్యాబిట్ ఆఫ్’ అని మొదలుపెట్టాలి. రోడ్డు మీది రొద, చలి, రాత్రి డ్యూటీ, అర్థంకాని యాస, ఇలా మొదట్లో కొత్తగానో ఇబ్బందిగానో ఉండి తర్వాత మామూలైపోయేవాటికే ఈ యూజ్డ్ టు.

ఆ మామూలవడాన్ని చెప్పడానికి ‘గెట్’ ఉంది. ‘ఐ యామ్ గెటింగ్ యూజ్డ్ టు ఇట్’ అంటే అలవాటవుతోంది. ‘ఐ గాట్ యూజ్డ్ టు ఇట్’ అంటే అలవాటైంది. అన్నీ ఒకచోట చూడాలంటే, చక్కెర మానేసిన మనిషిని ఊహించుకో:

‘ఐ యూజ్డ్ టు టేక్ షుగర్ ఇన్ మై కాఫీ.’ చక్కెర వేసుకునేదాన్ని.
‘ఇట్ టుక్ మీ ఎ మంత్ టు గెట్ యూజ్డ్ టు డ్రింకింగ్ ఇట్ వితౌట్ షుగర్.’ లేకుండా తాగడం అలవాటవడానికి నెల పట్టింది.
‘నౌ ఐ యామ్ యూజ్డ్ టు ఇట్.’ ఇప్పుడు అలవాటైపోయింది.

చక్కెర తీసేసి ఇంకేదైనా పెట్టి, ఈ మూడు వాక్యాలనూ రోజుకు రెండు విషయాల మీద పైకి చదువుతూ రాయి. విడివిడిగా బట్టీ పడితే మళ్లీ కలగాపులగం అవుతాయి.

మూడో పని తేలిక. ‘ఎ నైఫ్ ఈజ్ యూజ్డ్ టు కట్ పేపర్.’ కత్తిని కాగితం కోయడానికి వాడతారు. ఇక్కడా ముందు ‘ఈజ్’ ఉంది, తెలుగులో ‘కోయడానికి’ కూడా ఉంది, అయినా ‘కటింగ్’ రాదు. ఎవరు దేనికి అలవాటు పడ్డారని కాదు, ఏ వస్తువును దేనికి వాడతారని కదా చెబుతున్నాం. కత్తి దేనికీ అలవాటు పడదు!

చెవికి కూడా ఇది వేరే. కంటికి తెలియాలని ఈ ఉత్తరమంతా ‘యూజ్డ్’ అనే రాశాను కానీ, మొదటి రెండు అర్థాల్లో పలికేది ‘యూస్టు’. డి మింగుడు పడిపోతుంది, మధ్యలో ‘స’ వినిపిస్తుంది. కత్తి వాక్యంలో మాత్రం ‘యూజ్డ్’ అని ‘జ’ నిలుస్తుంది. వార్తలు వినేటప్పుడు ఈ తేడా మీద చెవి పెట్టు.

ఇప్పుడు నీ కాగితం దిద్దు. ‘ఐ గెట్ అప్ ఎట్ ఫైవ్ అండ్ స్టడీ ఫర్ టూ అవర్స్.’ ‘ఐ యామ్ పంక్చువల్’ చాలు, ‘వెరీ’ అక్కర్లేదు. రాత్రి డ్యూటీ చేయగలవా అని అడిగితే, అదివరకు చేసి ఉంటేనే ‘ఐ యామ్ యూజ్డ్ టు వర్కింగ్ నైట్స్’ అను. చేయకపోతే ‘ఐ విల్ గెట్ యూజ్డ్ టు ఇట్’ అను. రెండో పేజీలో నాటకాలాడేదాన్నని ఒక యూజ్డ్ టు ఉంది. ఇప్పుడు నిజంగానే మానేశావు కాబట్టి దాన్ని ముట్టుకోకు.

ఇట్లు,
నీ పెదనాన్న