సాలెపురుగు పురుగేనా?

ప్రశ్న: మా అబ్బాయి ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. సైన్సు వ్యాసంలో "సాలెపురుగుకు ఎనిమిది కాళ్లు" అని రాస్తే, ఉపాధ్యాయుడు "పురుగు" కింద ఎర్రగీత గీసి, "సాలీడు అని రాయాలి, అది పురుగు కాదు" అన్నారు. సాలెపురుగు తప్పు మాటా? ఇంకో సందేహం. వార్తల్లో ఒకచోట "కొత్త సాలీడు జాతి" అనీ, మరోచోట "కొత్త ప్రజాతి" అనీ కనిపిస్తోంది. ఏది సరి? లాటిన్ పేర్లను తెలుగులో ఎలా రాయాలి? – ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మొదటి సందేహం ముందుగా తేల్చేస్తాను. సాలెపురుగు అక్షరాలా సరైన మాట. మీ అబ్బాయి రాసిన వాక్యంలో తప్పేమీ లేదు. ఉపాధ్యాయుడి మనసులో ఉన్న విషయం కూడా నిజమే, కానీ ఆ ఎర్రగీత పడవలసింది "పురుగు" కింద కాదు. ఎవరైనా "సాలీడు ఒక కీటకం" అని రాస్తే, ఆ "కీటకం" కింద.

పురుగు అనే మాటకు తెలుగులో ఎంత విస్తృతి ఉందో చూడండి. పట్టుపురుగు రెక్కలు రాని గొంగళి దశలోని జీవి. నులిపురుగుకు అసలు కాళ్లే లేవు. తొలకరి వానలకు నేలమీద ఎర్రటి మఖమల్ ముక్కలా కదిలే ఆరుద్ర పురుగుకు కాళ్లు ఎనిమిది. "చీకట్లో వెళ్లకు, పురుగూ పుట్రా ఉంటాయి" అని పెద్దవాళ్లు అన్నప్పుడు ఆ మాటలో తేలూ జెర్రీ పామూ అన్నీ ఉన్నాయి. పాము పేరెత్తడానికి జంకి "పురుగు కరిచింది" అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నేలమీద పాకే చిన్న ప్రాణి ఏదైనా పురుగే. కాళ్లెన్ని అనేది ఆ మాటకు పట్టదు. అటువంటి మాటను తెచ్చి "ఇన్‌సెక్ట్" అనే ఇంగ్లీషు మాటకు సమానమని మనమే అనుకుని, ఆ తరువాత సాలెపురుగును అందులోంచి వెళ్లగొట్టడం న్యాయం కాదు.

"కీటకం" సంగతి వేరు. సంస్కృతంలో కీట శబ్దం కూడా ఒకప్పుడు ఇంత విశాలంగానే ఉండేది. సుశ్రుత సంహిత కల్పస్థానంలో కీటకల్పం అనే అధ్యాయం ఉంది. తేళ్లూ సాలెపురుగులూ అందులోనే వస్తాయి. అక్కడ సాలెపురుగు పేరు లూత. సుశ్రుతుడు లూతలను పదహారుగా లెక్కపెట్టి, ఎనిమిదింటి విషం కష్టం మీద నయమవుతుందనీ, ఎనిమిదింటిది నయం కాదనీ రెండుగా విడదీశాడు. శ్వేత, కపిల, కృష్ణ, జాలిని అంటూ రంగును బట్టీ లక్షణాన్ని బట్టీ పేర్లు పెట్టాడు. వైద్యుడికి కావలసిన వర్గీకరణ అది. విషం ఎంత, మందు ఉందా లేదా అన్నదే అక్కడ ప్రశ్న. ఆధునిక పాఠ్యపుస్తకాలు కీటకాన్ని ఆరు కాళ్ల జీవులకు మాత్రమే పరిమితం చేశాయి. ఇది పరిభాష కోసం చేసుకున్న ఏర్పాటు. మంచి ఏర్పాటే, సైన్సు రాసేటప్పుడు దాన్ని పాటించాలి. కానీ ఆ కట్టుబాటు కీటకానికి వర్తిస్తుంది, పురుగుకు కాదు.

ఇంకో మాట చెబితే మీ అబ్బాయికి ధైర్యం వస్తుంది. శాస్త్రీయ నామకరణానికి ఆద్యుడైన లిన్నేయస్ 1758లో తన గ్రంథం పదో కూర్పులో సాలీళ్లను ఇన్‌సెక్టాలోనే, అంటే కీటకాల విభాగంలోనే చేర్చాడు. తేళ్లు, జెర్రులు, పీతలు కూడా అక్కడే ఉన్నాయి. పామును పక్కన పెడితే, అది మన "పురుగూ పుట్రా" జాబితాయే. 19వ శతాబ్ది మొదట్లో ఫ్రెంచి శాస్త్రవేత్త లామార్క్ సాలీళ్లనూ తేళ్లనూ వేరుచేసి ప్రత్యేక విభాగంగా నిలబెట్టాడు. అదే అరాక్నిడా. తేలు, పిడుదు, మైట్లు అనే అతిచిన్న జీవులు, ఇందాక చెప్పిన ఆరుద్ర పురుగు అన్నీ అందులోవే. అంటే వంశం రీత్యా ఆరుద్ర పురుగుకు సీతాకోకచిలుక కంటే సాలెపురుగే దగ్గరి చుట్టం.

ఈ తేడాను ఇంట్లోనే చూడవచ్చు. గోడ మూలన ఉన్న సాలెపురుగును భూతద్దంతో దగ్గరగా చూడమనండి. చీమకు తల, రొమ్ము, పొట్ట అని మూడు భాగాలు కనిపిస్తాయి. సాలీడుకు రెండే. తలా రొమ్మూ కలిసిపోయిన శిరోవక్షం ఒకటి, దాని వెనక సన్నని నడుముతో అతుక్కున్న ఉదరం ఒకటి. తలమీద మీసాల్లాంటి స్పర్శశృంగాలు ఉండవు. కళ్లు చాలావాటికి ఎనిమిది, కొన్నిటికి ఆరు. అవి ఏ వరసలో అమరి ఉన్నాయన్నది కుటుంబాన్ని గుర్తించడానికి పనికివస్తుంది. కాళ్లు లెక్కపెట్టేటప్పుడు పిల్లలు తరచుగా పది అంటారు. వాళ్ల తప్పేమీ లేదు, నోటి దగ్గర పొట్టి కాళ్లలాంటి మరో జత ఉంటుంది. వాటితో నడవదు, తడిమి చూసుకుంటుంది. ఆ జత కొసలు పిడికిలి బిగించినట్టు ఉబ్బి ఉంటే అది ఎదిగిన మగది. మగది వీర్యాన్ని ఆడదానికి అందించేది దానితోనే.

ఈ చిన్న పిడికిలి దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే సాలీళ్ల వర్గీకరణ చాలావరకు దీనిమీదే నడుస్తోంది. ఒకే జాతిలో రంగులు మారతాయి, వేర్వేరు జాతులు ఒకే రంగులో ఉంటాయి. అందుకని శాస్త్రవేత్తలు మగదాని ఆ అవయవాన్నీ, ఆడదాని పొట్ట అడుగున ఉండే జననాంగాన్నీ సూక్ష్మదర్శిని కింద పెట్టి, వంపులూ కొక్కేలూ బొమ్మ గీసి పోల్చుకుంటారు. ఇప్పుడు డీఎన్‌ఏ కూడా తోడైంది. మన మాట సాలెపురుగును దాని పనిని బట్టి పిలిచింది, శాస్త్రం దాని పుట్టుకను బట్టి పిలుస్తుంది. ఈ రెండిటికీ పోటీ లేదు.

పనిని బట్టి పిలవడం మనకొక్కరికే ఉన్న అలవాటు కాదు. సాలె అంటే నేతపని చేసేవాడు. సాలీడు అన్నా మొదట ఆ అర్థమే, అదే పేరు పురుగుకూ చెల్లింది. అందుకే వ్యాకరణంలో ఒక చిన్న తేడా వస్తుంది. మనిషయితే "సాలీడు వచ్చాడు", పురుగయితే "సాలీడు వచ్చింది". బహువచనంలో "సాలీళ్లు వచ్చాయి". మీ ఉపాధ్యాయుడు సూచించిన సాలీడూ మీ అబ్బాయి రాసిన సాలెపురుగూ ఒకే నేతగాడి పేరు. ఒకదానికి శాస్త్ర గౌరవం ఎక్కువా మరొకదానికి తక్కువా కాదు. అరాక్నిడా అనే పేరు వెనకా నేతే ఉంది. గ్రీకు పురాణంలో అరాక్నీ అనే నేతగత్తె ఎథీనా దేవతతో పోటీకి దిగి, చివరికి సాలెపురుగైపోయింది. ఇంగ్లీషు స్పైడర్ కూడా వడకడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చినదే. సంస్కృత నిఘంటువు అమరకోశంలో అమరసింహుడు సాలెపురుగుకు చెప్పిన నాలుగు పేర్లు లూత, తంతువాయం, ఊర్ణనాభం, మర్కటకం. వీటిలో తంతువాయం అంటే నేతగాడే. లూత అన్న మాట ధూర్జటి పద్యం వల్ల తెలుగువాళ్లకు బాగా పరిచయం: "ఏ వేదంబు పఠించె లూత". పాత తెలుగులో చెలది అని మరో మాట ఉండేది. తమిళ మలయాళాల్లో చిలంది ఇప్పటికీ బతికి ఉంది, దాని తోబుట్టువు ఇది. మనం పోగొట్టుకున్నాం. ఎవరైనా కవితలో వాడితే నేను సంతోషిస్తాను.

ఊర్ణనాభి గురించి ఒక్క ముచ్చట. ఊర్ణ అంటే ఉన్ని, నాభి అంటే బొడ్డు. సాలెపురుగు దారాన్ని బయటికి వదిలి మళ్లీ తనలోకి తీసుకున్నట్టు, అంటూ ముండకోపనిషత్తు సృష్టికి ఉపమానంగా చెప్పింది దీన్నే. కానీ మనకు కనబడే సాలీళ్లలో దారం వచ్చే రంధ్రాలు పొట్ట చివర ఉంటాయి, బొడ్డు దగ్గర కాదు. పేరు తప్పని చాలాకాలం అనుకున్నాను. సాలీళ్లలో మీసోథీలే అనే అతి ప్రాచీనమైన ఉపక్రమం, అంటే ఒక శాఖ, ఉంది. చైనా, జపాన్, ఆగ్నేయాసియాల్లో దొరుకుతాయి. వాటికి మాత్రం దారపు బుడిపెలు పొట్ట అడుగున నడిమధ్యలో ఉంటాయి, సరిగ్గా నాభి స్థానంలో. ఆ పేరు పెట్టినవాళ్లు వీటిని చూశారని నేను అనడం లేదు. పేరు ఎంత చక్కగా అతికిందో చూడమంటున్నాను.

వల కట్టని సాలీళ్లను సాలె అనవచ్చా అని కూడా మీకు తోచవచ్చు. గెంతే సాలీళ్ల కుటుంబమైన సాల్టిసిడేలో 6,000కు పైగా జాతులున్నాయి, కుటుంబాలన్నిటిలోకీ పెద్దది అదే. అవి వలపన్ని కూర్చోవు, చూసి దూకి పట్టుకుంటాయి. అయినా దారం తీయని సాలీడు లేదు. నేలమీద పరుగెత్తే లైకోసిడే కుటుంబంలోని తల్లి తెల్లటి గుడ్ల సంచిని నేసుకుని, పొట్ట చివర తగిలించుకుని తిరుగుతుంది. కనక సాలె అన్న పేరు అన్నిటికీ చెల్లుతుంది.

ఇక జాతి, ప్రజాతి. ఇక్కడ పత్రికలు జాగ్రత్తపడాలి. మన పాఠ్యపుస్తకాల క్రమం ఇది: రాజ్యం, వర్గం, విభాగం, క్రమం, కుటుంబం, ప్రజాతి, జాతి. జీనస్‌కు ప్రజాతి, స్పీషీస్‌కు జాతి. హిందీ పత్రికల్లో స్పీషీస్‌ను ప్రజాతి అంటారు. అక్కడి వార్తను అనువదించేవాళ్లు ఆ మాటను అలాగే దించుకోవడంతో గందరగోళం వచ్చింది. తెలుగులో "కొత్త ప్రజాతి" అంటే ఎన్నో జాతులు చేరగల కొత్త ఇల్లు దొరికిందని అర్థం. ఒక్క కొత్త రకం దొరికితే అది "కొత్త జాతి". స్విట్జర్లాండ్‌లోని బెర్న్ ప్రకృతి చరిత్ర మ్యూజియం ప్రపంచంలోని సాలీళ్లన్నిటి పట్టికను నిర్వహిస్తోంది. 2022 ఏప్రిల్‌లో అందులో 50,000వ పేరు చేరింది, దక్షిణ అమెరికాకు చెందిన ఒక గెంతే సాలీడు. అవి 50,000 జాతులు, ప్రజాతులు కావు. అలాగే "సాలీడు జాతి జీవులు" అని వదులుగా రాయడమూ సైన్సులో కుదరదు. సాలీళ్లు ఒక జాతి కాదు, అరేనీ అనే ఒక క్రమం.

లాటిన్ పేరు విషయంలో నా సలహా: అనువదించవద్దు, తెలుగు లిపిలో రెండు మాటలుగా, సంధి చేయకుండా రాయండి. అరేనియస్ డయడెమాటస్ అనే సాలీడుంది. మొదటిది ప్రజాతి, రెండోది జాతిని పట్టిచ్చే మాట. కిరీటం పెట్టుకున్నది అని దానర్థం. పొట్టమీద తెల్లని చుక్కలు శిలువలా పేర్చినట్టుంటాయి. అర్థం చెప్పండి, కానీ పేరును "కిరీటధారి సాలీడు" అని మార్చి రాస్తే ఏ దేశంలోనూ ఎవరూ దాన్ని వెతికి పట్టుకోలేరు. ఇంగ్లీషులో మొదటి మాటకు పెద్దక్షరం, రెండోదానికి చిన్నక్షరం, రెండూ వాలు అక్షరాల్లో వేస్తారు. మనకు పెద్దక్షరాలు లేవు కనక వాలు అక్షరాలు చాలు. చేతిరాతలో అయితే కింద గీత.

పేరు తరువాత కొన్నిసార్లు ఒక మనిషి పేరూ ఏడాదీ ఉంటాయి. వాటిని వదిలేయకండి, అందులో చరిత్ర ఉంది. జంతువుల శాస్త్రీయ నామాలకు 1758 జనవరి 1 మొదటి రోజు అని అంతర్జాతీయ నియమావళి చెబుతుంది. అంతకు ముందు పెట్టిన పేర్లు చెల్లవు. దీనికి ఒకే ఒక్క మినహాయింపు ఉంది, అది మన సాలెపురుగులది. స్వీడన్‌కు చెందిన క్లెర్క్ 1757లో తన దేశపు సాలీళ్లమీద పుస్తకం వేశాడు. లిన్నేయస్ పద్ధతిలో రెండేసి మాటల పేర్లు అంత నిక్కచ్చిగా వాడాడని ఆ పేర్లను చెల్లుబాటు చేశారు. లిన్నేయస్ పేరుతో పోటీ వస్తే క్లెర్క్ పేరే నిలుస్తుంది. లిన్నేయస్ కంటే ముందు పీట క్లెర్క్‌కు వేసిన నియమం ఇది. చదివిన ప్రతిసారీ నాకు ఆనందం కలుగుతుంది.

క్లెర్క్ పేర్లలో అరేనియస్ అక్వాటికస్ ఒకటి. నీటి అడుగున బతికే సాలీడు అది. గాలిబుడగను పొట్టకు చుట్టుకుని మునిగితే వెండి పూసలా మెరుస్తుంది. తరువాత దాన్ని వేరే ప్రజాతిలోకి, ఆర్గైరోనీటాలోకి మార్చారు. ఆర్గైరో అంటే వెండి. కొత్త ప్రజాతి పేరు స్త్రీలింగం కావడంతో అక్వాటికస్ కాస్తా అక్వాటికా అయింది. విశేషణం విశేష్యాన్ని అనుసరించడం సంస్కృతం చదివినవాళ్లకు కొత్తేమీ కాదు. ఇప్పుడు దాని పూర్తి పేరు ఆర్గైరోనీటా అక్వాటికా (క్లెర్క్, 1757). ఆ కుండలీకరణాలు అలంకారం కాదు. మొదట పేరు పెట్టినప్పుడు ఈ ప్రజాతిలో లేదు, తరువాత మారింది అని చెప్పే గుర్తు. తెలుగులో రాసేటప్పుడు ఉంటే ఉంచాలి, లేకపోతే పెట్టకూడదు. అరేనియస్ డయడెమాటస్ మొదటి ప్రజాతిలోనే ఉంది, కనక దాని వెనక క్లెర్క్, 1757 అని విడిగా రాస్తే చాలు.

ఒక హెచ్చరిక కూడా. పంటల మీద పడే ఒక జీవిని ఇంగ్లీషులో రెడ్ స్పైడర్ మైట్ అంటారు. దాన్ని "ఎర్ర సాలీడు" అని అనువదించినవాళ్లున్నారు. అది సాలీడు కాదు, అరాక్నిడాలోనే మరో శాఖ. రైతులు దాన్ని ఎర్రనల్లి అంటారు, ఆ మాటే వాడాలి.

మీ అబ్బాయి వాక్యాన్ని ఇలా ఉంచమనండి: "సాలెపురుగుకు ఎనిమిది కాళ్లు ఉంటాయి, అది కీటకం కాదు, అరాక్నిడా విభాగంలో అరేనీ క్రమానికి చెందిన జీవి."