ఎండాకాలంలో టైర్లలో గాలి తగ్గించాలా?

మే నెలలో దూరప్రయాణం ఉంది, గాలి నాలుగైదు పాయింట్లు తగ్గించుకుని వెళ్లమని నాన్నగారు అంటున్నారు, లేకపోతే ఎండకు టైరు పేలుతుందట, నిజమేనా అని అడిగారు. దయచేసి తగ్గించకండి. నేనూ ఆ మాట నమ్మి ఒకసారి తగ్గించాను. ఏం జరిగిందో చెప్తాను.

కొన్నేళ్ల కిందట మే నెలలోనే హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తున్నాం. పొద్దున బయల్దేరేటప్పుడు గాలి 33 పాయింట్లు, అంటే 33 పీఎస్ఐ కొట్టించాను. సూర్యాపేట దాటాక టీకి ఆగి టైరు మీద చెయ్యి పెడితే రెండు క్షణాలు కూడా ఉంచలేకపోయాను. పక్కనే పంక్చర్ షాపులో గేజ్ పెట్టిస్తే 38 దాటి చూపించింది. నాకు టెన్షన్ మొదలైంది. నాలుగు టైర్లలోనూ గాలి వదిలించి మళ్లీ 33కి తెప్పించాను. మర్నాడు తెల్లవారుజామున బండి కదిలించకముందే మా బావమరిది తన గేజ్‌తో చూస్తే నాలుగూ 28! ఎక్కడా పంక్చర్ లేదు.

అప్పుడు కూర్చుని లెక్క వేశాను. గట్టి టైరు పెద్దగా సాగదు కాబట్టి లోపలి గాలి ఘనపరిమాణం దాదాపు మారదు. ఘనపరిమాణం మారనప్పుడు పీడనం ఉష్ణోగ్రతతో పాటే పెరుగుతుంది. 1702 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో అమోంటన్ అనే శాస్త్రవేత్త గమనించింది ఇదే. అయితే ఈ లెక్కలో రెండు చోట్ల చాలామంది పొరబడతారు. పొద్దున 30 డిగ్రీలున్న టైరు దారిలో 65 అయిందంటే వేడి రెట్టింపు దాటింది, పీడనమూ రెట్టింపు అవుతుందని భయపడతారు. సెల్సియస్‌లో సున్నా మనం పెట్టుకున్న గుర్తు మాత్రమే. వాయువుల లెక్క మైనస్ 273 నుంచి మొదలవుతుంది, అక్కడి నుంచి లెక్కపెట్టే డిగ్రీలే కెల్విన్. కాబట్టి 30 అంటే 303 కెల్విన్, 65 అంటే 338 కెల్విన్. పెరిగింది తొమ్మిదో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. రెండోది గేజ్. అది బయటి గాలి పీడనాన్ని లెక్కలోకి తీసుకోదు. గేజ్ 33 అంటే, దానికి బయటి 14.7 కలిపితే అసలు పీడనం 47.7 పీఎస్ఐ. దాన్ని 338తో హెచ్చించి 303తో భాగిస్తే 53.2. అందులోంచి 14.7 తీసేస్తే 38.5. షాపులో గేజ్ చూపించింది సరిగ్గా ఇదే. వేడిమీద ఉన్న గాలిని 33కి తెచ్చి, మర్నాడు 28 డిగ్రీలకు చల్లారనిస్తే లెక్క ప్రకారం 28 దగ్గరే ఆగుతుంది. అంటే ఉండాల్సిన గాలినే నేను వదిలించేశాను.

ఆ అయిదు పాయింట్ల పెరుగుదలను కంపెనీవాళ్లు ముందే లెక్కలోకి తీసుకుంటారు. డ్రైవర్ డోరు తెరిస్తే కనిపించే స్టిక్కర్ మీద ఉన్న అంకె చల్లని టైరుకి రాసింది.

అసలు ప్రమాదం గాలి తక్కువైనప్పుడు. నేలను తాకే చోట టైరు ప్రతి చుట్టుకూ నలిగి మళ్లీ లేస్తుంది. వంద కిలోమీటర్ల వేగంలో మామూలు కారు చక్రం సెకనుకు పద్నాలుగు సార్లు తిరుగుతుంది. గాలి తగ్గితే పక్కగోడ ప్రతిసారీ ఎక్కువగా మడతపడుతుంది. ఆ మడతల్లో పుట్టే వేడి రబ్బరుని, లోపలి పొరల్ని విడదీస్తుంది. కింద కాలే రోడ్డు, పైన నలుగురి బరువు, డిక్కీలో సామాను. టైరు పగిలేది ఇక్కడ. నాన్నగారు అన్నట్టు వేడికి గాలి ఒత్తిడి పెరగడం నిజమే, కానీ గాలి తగ్గిస్తే ఆ వేడి ఇంకా పెరుగుతుంది.

నైట్రోజన్ కొట్టిస్తే ఇదేమీ ఉండదని బంకుల్లో చెప్తుంటారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది, వేడికి రెండూ ఒకేలా వ్యాకోచిస్తాయి. డబ్బులు పెట్టి కొట్టించుకోవాల్సిన అవసరం నాకైతే కనబడలేదు.

బయల్దేరే రోజు పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూసుకోండి. బంకు రెండు మూడు కిలోమీటర్లలోపు ఉంటే నెమ్మదిగా వెళ్లి కొట్టించుకోవచ్చు. మనుషులు, సామాను నిండుగా ఉంటే స్టిక్కర్ మీద దానికి వేరే అంకె ఉందేమో చూసి, ఉంటే అది వేయించండి. దారిలో వేడిమీద గేజ్ ఎక్కువ చూపించినా వదిలించకండి. నాలుగింటిలో ఒక్కటే మిగతావాటికంటే బాగా తక్కువ చూపిస్తే మాత్రం అక్కడే ఆగి పంక్చర్ ఉందేమో వెతికించండి. స్టెప్నీ కూడా ఒకసారి చూసుకోండి.