పంటి క్యాప్ ధరలో ఏమేముంటుంది?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా అమ్మగారికి 58 సంవత్సరాలు. ఆవిడకు కింది దవడలో ఎడమవైపు పెద్ద పన్ను పిప్పిపడితే గుంటూరు కొత్తపేటలోని ఒక క్లినిక్‌లో రూట్ కెనాల్ చేయించాము. అది పూర్తయి పదిహేను రోజులైంది. క్యాప్ తప్పనిసరిగా వేయించాలని, మెటల్ సిరామిక్ అయితే 4,000 రూపాయలు, జిర్కోనియా అయితే 9,000 అవుతుందని అక్కడ చెప్పారు. మా అక్క విజయవాడ సూర్యారావుపేటలో మరొకరికి చూపిస్తే జిర్కోనియాకు 14,000 అన్నారు. పేరు ఒకటే అయినప్పుడు ఇంత తేడా ఎందుకు? అమ్మేమో ‘ఈ వయసులో నాకెందుకంత ఖర్చు, పీకించేస్తే సరిపోతుంది’ అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, ముందు మీ అమ్మగారి మాటకు జవాబు చెబుతాను. పీకించడం ఆ రోజుకు చవకే. కానీ ఆ ఖాళీలో మళ్ళీ పన్ను కావాలనుకుంటే, అటూ ఇటూ ఉన్న ఆరోగ్యకరమైన పళ్ళను కూడా అరగదీసి, వాటి క్యాప్‌లకు మధ్యలో కట్టుడు పన్ను కలిపిన బ్రిడ్జి కట్టాలి. బ్రిడ్జి ధరను పళ్ళ లెక్కన వేస్తారు కాబట్టి ఒక పన్ను పోతే మూడు క్యాప్‌ల డబ్బు అవుతుంది. మీకు చెప్పిన 4,000 లెక్కనే చూసినా అది 12,000. ఎముకలో స్క్రూ బిగించి దానిపై పన్ను నిలిపే ఇంప్లాంటుకు సాధారణంగా అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఖాళీని అలాగే వదిలేస్తే పక్క పళ్ళు మెల్లగా ఆ వైపు ఒరుగుతాయి, పై పన్ను కిందికి దిగుతుంది. 58 ఏళ్ళ మనిషికి ఇంకా ఎన్నో ఏళ్ళు అన్నం నమిలి తినవలసి ఉంది. పన్ను నిలిచే స్థితిలో ఉంటే నిలబెట్టుకోవడమే మంచిది.

ఆ ‘నిలిచే స్థితి’ గురించే మీరు మొదట అడగాలి. క్యాప్ ఎంత ఖరీదైనదైనా అది పట్టుకుని ఉండేది కింద మిగిలిన పన్నునే. చిగురు పైన చుట్టూ కనీసం 2 మిల్లీమీటర్ల గట్టి పన్ను ఉంటే క్యాప్‌కు పట్టు దొరుకుతుంది. అంత లేకపోతే వేరు లోపల పోస్టు అనే సన్నని కడ్డీ నిలిపి, దానిపై కోర్, అంటే పోయిన పంటి భాగం బదులు గట్టి దిమ్మ కట్టి, అప్పుడు క్యాప్ వేస్తారు. ఈ పోస్టు, కోర్ ఖర్చు చాలా చోట్ల క్యాప్ ధరలో కలిసి ఉండదు. ఒక క్లినిక్ దీనిని కలిపి చెప్పి, మరొకటి విడిగా చెబితే రెండు అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడంలో అర్థం లేదు. మీకు చెప్పిన 9,000కూ 14,000కూ మధ్య తేడాలో కొంత ఇక్కడే ఉండవచ్చు. తాత్కాలిక క్యాప్, ఎక్స్‌రే, అమర్చిన తరువాత పై పళ్ళూ కింది పళ్ళూ సరిగా కలిసేలా సరిచేయడం కూడా లోపలివో బయటివో అడగండి.

మిగిలిన తేడా ల్యాబ్ నుంచి వస్తుంది. డాక్టరు చేతిలో క్యాప్ తయారు కాదు. అచ్చు తీసి పంపితే ల్యాబ్‌లో టెక్నీషియన్ తయారు చేస్తాడు, ఆ బిల్లు డాక్టరు చెప్పే ధరలో కలిసి ఉంటుంది. జిర్కోనియా లోహం కాదు, జిర్కోనియం ఆక్సైడ్ అనే గట్టి పింగాణీ. సుద్దముక్కలా మెత్తగా ఉన్న బిళ్ళ నుంచి యంత్రం కంప్యూటరు కొలతల ప్రకారం క్యాప్‌ను చెక్కుతుంది, తరువాత దానిని సుమారు 1,500 డిగ్రీల వేడిలో కాలుస్తారు. కాలేటప్పుడు అది దాదాపు ఐదోవంతు కుంచించుకుపోతుంది కాబట్టి ఆ లెక్కతో ముందే పెద్దదిగా చెక్కాలి. బిళ్ళ ఏ కంపెనీదో, యంత్రం ఎటువంటిదో, పైన మరో పింగాణీ పొర వేసి రంగు తీర్చారా లేక మొత్తం ఒకే ముక్కగా చేశారా అన్నదాన్ని బట్టి జిర్కోనియాలోనే ధరలు మారతాయి. వెనుక పంటికి ఒకే ముక్కగా చేసినది చాలు, పెచ్చు ఊడే భయం దానికి తక్కువ. పొర వేసిన అందమైన రకం ముందు పళ్ళకు పనికివస్తుంది. మీకు చెప్పిన 14,000 ఏ రకానికో ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది.

మెటల్ సిరామిక్ అంటే లోపల పలుచని లోహపు తొడుగు, దానిపైన కాల్చి అతికించిన పింగాణీ. దశాబ్దాలుగా వాడుతున్న నమ్మకమైన రకమే ఇది. గట్టిగా కొరికినప్పుడు పైపెచ్చు ఊడవచ్చు, కొన్నేళ్ళకు చిగురు దిగితే అంచున నల్లని గీత కనబడవచ్చు. లోపలి లోహంలో తరచుగా నికెల్ ఉంటుంది. మీ అమ్మగారికి గిల్టు నగలు పెట్టుకుంటే దురద, దద్దుర్లు వచ్చే గుణం ఉంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. అప్పుడు జిర్కోనియాకు ఎక్కువ పెట్టడానికి అదే తగిన కారణం అవుతుంది.

మీ ఉత్తరంలో లేని మూడో రకం ఒకటుంది, అది పూర్తి లోహపు క్యాప్. సాధారణంగా అన్నింటికన్నా ధర తక్కువ. పలుచగా ఉన్నా బలంగా ఉంటుంది కాబట్టి పన్నును తక్కువ అరగదీస్తే సరిపోతుంది, పెచ్చు ఊడడానికి పైన పింగాణీ కూడా ఉండదు. ముందు మధ్య నుంచి లెక్కిస్తే ఆ పన్ను ఆరవదో ఏడవదో మీరు రాయలేదు. ఏడవదైతే నవ్వినా ఎవరికీ కనబడదు. నికెల్ పడనివారికి తప్ప, అటువంటి పంటికి ఇది ఎంతమాత్రం తక్కువ రకం వైద్యం కాదని నేను గట్టిగా నమ్ముతాను. చవకైనదాన్ని చెబితే రోగి చిన్నబుచ్చుకుంటారేమోనని డాక్టర్లు, అడిగితే లోభి అనుకుంటారేమోనని రోగులు దాని పేరే ఎత్తకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ఏ రకమైనా క్యాప్ అంచు పన్నుతో సందు లేకుండా కలవాలి. సందుంటే అక్కడ ఆహారం చేరి లోపలి పన్ను మళ్ళీ పుచ్చుతుంది. ఆ పని నాణ్యత అరగదీసే చేతిమీద, అచ్చుమీద ఆధారపడుతుంది. అందుకు కేటాయించిన సమయానికి డాక్టరు కొంత ఎక్కువ తీసుకోవడం న్యాయమే. ఖరీదైన స్కానర్‌తో కొలత తీసినంత మాత్రాన పని మెరుగవుతుందని మాత్రం అనుకోనక్కరలేదు, మంచి సిలికాన్ అచ్చుతో కూడా చక్కని క్యాప్‌లు వస్తాయి.

ఖర్చు నిజంగా భారమైతే విజయవాడలోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రిలో గానీ, మీకు దగ్గరలో తక్కెళ్ళపాడులో ఉన్న సిబార్ దంత వైద్య కళాశాలలో గానీ అడిగి చూడండి. కళాశాలల్లో విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో చికిత్స చేస్తారు. ఎక్కువసార్లు తిరగవలసి రావచ్చు, ఖర్చు మాత్రం సాధారణంగా ప్రైవేటు క్లినిక్ కన్నా తక్కువ. ల్యాబ్ ఖర్చు మీ మీద ఎంత పడుతుందో అక్కడా ముందే తెలుసుకోండి. మామూలు ఆరోగ్య బీమా పాలసీలు ప్రమాదంలో దెబ్బ తగిలితే తప్ప దంత చికిత్సకు సాధారణంగా డబ్బు ఇవ్వవు కాబట్టి దానిమీద ఆశ పెట్టుకోవద్దు.

ధర గురించి ఆలోచిస్తూ నెలలు గడపకండి. రూట్ కెనాల్ అయిన వెనుక పన్ను క్యాప్ లేకుండా ఉంటే నిలువుగా చీలవచ్చు, వేరు దాకా చీలితే ఇక పీకడమే. క్యాప్ పడేదాకా ఆ వైపు తేగలు, చెగోడీలు నమలవద్దని అమ్మగారికి చెప్పండి.

ప్రశ్న: మూడేళ్ళ క్రితం జిర్కోనియా క్యాప్ వేయించుకున్నాను. పదేళ్ళ వారంటీ కార్డు ఇచ్చారు. ఇప్పుడు క్యాప్ ఊడింది, లోపల పన్ను పుచ్చిందంటూ కొత్తదానికి పూర్తి డబ్బు అడుగుతున్నారు. ఇది న్యాయమేనా?
– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: బాబూ, కార్డు వెనుక ఉన్న షరతులు ఒకసారి చదవండి. ఆ హామీ తరచుగా ల్యాబ్ ఇచ్చేది. క్యాప్ విరిగితేనో పగిలితేనో వేరొకటి చేసి ఇస్తుంది. కింది పన్ను పుచ్చితే సాధారణంగా అది వర్తించదు. క్యాప్ మార్చి ఇచ్చినా, డాక్టరు ఫీజు విడిగా ఉండవచ్చు. అయితే మూడేళ్ళలోనే పుచ్చిందంటే కారణం శుభ్రత లోపమా, అంచు సరిగా కలవకపోవడమా అని అడిగే హక్కు మీకుంది. ఎక్స్‌రే తీయించి, ఆ క్యాప్‌ను కూడా పట్టుకువెళ్ళి మరో కృత్రిమ దంత నిపుణుడికి చూపించండి. పుచ్చు కొద్దిగానే ఉండి, శుభ్రం చేసిన తరువాత కూడా క్యాప్ బిగువుగా కూర్చుంటే, అదే క్యాప్‌ను మళ్ళీ అతికించవచ్చు. అప్పుడు కొత్తదాని ఖర్చు ఉండదు. అందుకని ఊడిన క్యాప్‌ను కడిగి చిన్న డబ్బాలో భద్రపరచండి, ఇంట్లో ఉన్న జిగురుతో మాత్రం అతికించుకోవద్దు.