నాటిక రాస్తున్న బుజ్జికి పెద్దమ్మ రాసేది

బుజ్జీ,

నువ్వు పరిషత్తు నాటక పోటీలకి నాటిక రాస్తున్నావని, కవితలు కూడా పుస్తకంగా వేద్దామనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. విన్న దగ్గర్నుంచీ నాకు కాలు ఒకచోట నిలవట్లేదు, సంతోషమూ ఉంది, భయమూ ఉంది. ఆంధ్ర నాటక కళా పరిషత్తు 1929లో పుట్టింది మన తెనాలిలోనే, మన పిల్ల నాటిక రాయకపోతే ఇంకెవరు రాస్తారే.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. గంట దాటనివ్వకు, సెట్టు ఒకటే పెట్టుకో, పాత్రలు ఎక్కువైతే రిహార్సల్‌కి అందరూ ఒకరోజున దొరకరు. కవితల పుస్తకానికి తొందర లేదు, ముందు పత్రికలకి పంపు. ఆడపాత్రలు ఒకటి రెండుకి మించి వద్దంటారు నాటక సమాజాల వాళ్ళు, బయట్నుంచి ఆర్టిస్టుని పిలిస్తే పారితోషికం, దారిఖర్చులు, బస అన్నీ చూడాలి కదా అని. ఆ మాట మాత్రం వినకు. కథకి ముగ్గురు కావాలంటే ముగ్గుర్నీ రాయి. కాఫీ తెచ్చిచ్చి లోపలికి వెళ్ళిపోయే పాత్రలు నేను చాలా వేశాను, నీ చేత్తో అలాంటిది ఇంకోటి రాయకు తల్లీ.

నువ్వు కవిత్వం రాసేదానివి కాబట్టి ఇంకోటి. కవిత అర్థం కాకపోతే వెనక్కెళ్ళి మళ్ళీ చదువుకుంటారు, స్టేజీ మీద ఆ వీల్లేదు, చివరి వరసలో కూచున్న పెద్దాయనకి కూడా ఒక్కసారి వినగానే అందాలి. ప్రతి డైలాగూ నిలబడి గట్టిగా చదువు. మధ్యలో ఊపిరి చాలకపోతే అది నటి తప్పు కాదు, వాక్యం తప్పు.

ఇప్పుడు అసలు విషయం. కాపీ ఉంచుకోకుండా స్క్రిప్టు ఎవ్వరికీ ఇవ్వకు. మీ పెదనాన్న చేసిన తప్పు అదే. ఆఫీసు నుంచి వచ్చి, అన్నం తిని, రాత్రుళ్ళు రూళ్ళ నోటుబుక్కులో రాసేవారు. కార్బన్ పేపరు పెట్టుకోండి అంటే చెయ్యి నొక్కి రాయాలి, ఆలోచన ఆగిపోతుంది అనేవారు. ఒక సమాజం వాళ్ళొచ్చి ఆడతామని ఆ నోటుబుక్కే పట్టుకెళ్ళారు, నేనే హీరోయిన్ని, బాగా ఆడింది కూడా. పుస్తకం మాత్రం తిరిగి రాలేదు. అడిగితే డైరెక్టరు దగ్గరుందని, డైరెక్టరుని అడిగితే ప్రాంప్టరు దగ్గరుందని. కొన్నాళ్ళకి వేరే ఊళ్ళో కరపత్రం మీద అదే కథ, పేరు వేరు, రచయిత వేరు. వెళ్ళి చూశాం. నా డైలాగులు ఇంకో అమ్మాయి చెప్తుంటే మీ పెదనాన్న పక్కన కూచుని పెదాలు కదుపుతూనే ఉన్నారు. బయటికొచ్చాక అడగండి, వదలకండి అన్నాను. ఏం చూపించి అడగను అన్నారు. అంతే, ఆ తర్వాత రాశారు గానీ పరిషత్తు గుమ్మం ఎక్కలేదు. ఆయన పోయాక బీరువా అంతా వెతికితే కిరాణా చీటీల వెనక నాలుగు కవితలు దొరికాయి, ఆ నాటిక లేదు. నా పాత్ర మాటలు ఇప్పటికీ నోటికొచ్చు, అవతలివాళ్ళవి ఎంత తన్నుకున్నా రావట్లేదు.

అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా, విసుక్కోకు. రాసిన రోజే నీకు నువ్వు మెయిల్ పెట్టుకో, ప్రింటు తీసి ఒకటి నాకు పంపు. 1957 చట్టం ప్రకారం రాసినప్పుడే కాపీరైటు నీది, రచయిత పోయాక కూడా 60 ఏళ్ళు ఉంటుంది, రిజిస్టర్ చెయ్యడం తప్పనిసరి కాదు గానీ నువ్వు చేయించు, రేపు చూపించడానికి చేతిలో కాయితం ఉంటుంది. ‘నా అనుమతి లేకుండా ఈ నాటిక ఆడకూడదు’ అని మొదటి పేజీలోనే నీ పేరుతో రాయి. పెద్దవాళ్ళు అడిగారు, ఎలా కాదంటానని మొహమాటపడకు, అక్కడే పోయింది మాది.

ఉద్యోగం మానకు, రాత్రి ఒంటిగంట దాకా మేలుకోకు. ఆదివారం ఫోన్ చేసి మొదటి సీను మొత్తం చదివి వినిపించు, మధ్యమధ్యలో ఆపుతాను, అలగకూడదు. అందులో ముసలి అత్తగారి పాత్ర ఉందటగా, అది ఇంకెవరికీ మాటివ్వకు, నేనొచ్చి వేస్తా.

మీ పెద్దమ్మ