టెక్ సందేహాలు: మస్టాంగ్‌కు నిజంగా ఎంత హార్స్‌పవర్ పెరిగింది?

ప్రశ్న: నా 2016 ఫోర్డ్ మస్టాంగ్ జీటీకి కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ (ఇంజిన్‌కు చల్లని గాలి అందించే గొట్టం) బిగించి, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ట్యూన్ చేయించాను. కారు కంప్యూటర్ సమాచారాన్ని ఫోన్‌కు పంపే ఓబీడీ అడాప్టరుతో యాప్‌లో చూస్తే 472 హార్స్‌పవర్ అంటోంది. డైనో (చక్రాల శక్తిని కొలిచే రోలర్ల యంత్రం) మీద 391 మాత్రమే వచ్చింది. కంపెనీ చెప్పిందే 435 కదా, దేన్ని నమ్మాలి?
– ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: 391ని చూసి ఇంజిన్ బలం తగ్గిందని అనుకోకండి. కంపెనీ చెప్పే 435 క్రాంక్‌షాఫ్ట్ (ఇంజిన్ నుంచి శక్తి బయటికొచ్చే ఇరుసు) దగ్గరి లెక్క; డైనో రోలర్లు కొలిచేది గేర్‌బాక్సు, వెనుక యాక్సిల్ దాటి చక్రాలకు చేరిన శక్తిని. ఈ దారిలో పోయేది సుమారు 15 శాతమని ట్యూనర్లు అనుకుంటారు. ఆ లెక్కన మార్పులకు ముందు మీ కారు 370 దగ్గర ఉండాలి. అయితే ఆ 15 శాతం వాడుకలో ఉన్న అంచనాయే తప్ప కొలత కాదు కాబట్టి, దాన్ని పట్టుకుని 21 పెరిగిందని తేల్చడం సరికాదు.

యాప్ సంఖ్యను మాత్రం పక్కన పెట్టండి. ఇలాంటి యాప్‌లలో కొన్ని ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని బట్టి శక్తిని లెక్కగడతాయి. ఆ గాలిని కొలిచే మాఫ్ సెన్సరు ఇన్‌టేక్ గొట్టంలోనే ఉంటుంది. గొట్టం వ్యాసం మారితే అదే సిగ్నల్‌కు వేరే గాలి పరిమాణం అని అర్థం. అందుకే ట్యూనర్ ఈసీయూలో ఏ సిగ్నల్‌కు ఎంత గాలో చెప్పే మాఫ్ పట్టికను తిరిగి రాస్తారు. అందులో కొద్దిపాటి తేడా మిగిలినా అది నేరుగా యాప్ లెక్కలోకి వచ్చేస్తుంది. అంటే మీరు మార్చిన భాగమే ఇక్కడ కొలబద్ద అవుతోంది. వేగం పెరిగే తీరును బట్టి లెక్కగట్టే యాప్‌లకైతే కారు బరువు, రోడ్డు వాలు, గాలివాటం అన్నీ కచ్చితంగా తెలియాలి.

నమ్మదగినది ఒకే డైనో మీద, ఒకే రోజు, మార్పుకు ముందూ తరువాతా తీసిన కొలతల మధ్య తేడా. డైనోజెట్ కంపెనీ యంత్రం, రోలర్లకు లోడ్ పెట్టే డైనో ఒకే కారుకు వేర్వేరు సంఖ్యలిస్తాయి. వాతావరణానికి తగ్గట్టు కొలతను సవరించే ప్రమాణంగా షీటు మీద ‘ఎస్‌ఏఈ’ అని ఉందో, ‘ఎస్‌టీడీ’ అని ఉందో తప్పక చూడండి. రెండోది సుమారు 4 శాతం ఎక్కువ చూపుతుంది, అంటే మీ కారుకు 15 హార్స్‌పవర్ పైమాటే. చల్లని గాలి చిక్కగా ఉంటుంది కనుక, ఈ సవరణ లేకుండా జనవరి కొలతను ఆగస్టు కొలతతో పోల్చకూడదు.

డ్రాగ్ స్ట్రిప్‌కు (తిన్నగా సాగే రేసు ట్రాక్‌కు) వెళ్లగలిగితే క్వార్టర్ మైలు చివరి వేగమూ మంచి సాక్ష్యమే. గంటకు మైళ్లలో ఉన్న వేగాన్ని 234తో భాగించి, వచ్చిన సంఖ్య ఘనంతో పౌండ్లలోని బరువును గుణిస్తే హార్స్‌పవర్ అంచనా వస్తుంది. డ్రైవరుతో కలిపి 3,900 పౌండ్లున్న కారు 110 మైళ్ల వేగం అందుకుంటే 405, 111 అందుకుంటే 416 వస్తుంది. ఒక్క మైలుకే 11 హార్స్‌పవర్ తేడా వస్తోంది కాబట్టి ఎదురుగాలి వీచిన రోజు పరుగును లెక్కలోకి తీసుకోకండి.

పాత ఎయిర్ బాక్సు, స్టాక్ (కంపెనీ ఇచ్చిన) ట్యూన్ ఫైలు మీ దగ్గర ఉంటే ఇప్పటికైనా అసలు తేడా తేల్చుకోవచ్చు. రెంటినీ కలిపే తిరిగి పెట్టాలి. కొత్త ఇన్‌టేక్ ఉంచి స్టాక్ ఫైలు ఎక్కిస్తే మాఫ్ పట్టిక సరిపోక, ఇంధనం చాలని స్థితిలో ఇంజిన్ దెబ్బతినే ప్రమాదం ఉంది. మాన్యువల్ గేర్‌బాక్సయితే 1:1 నిష్పత్తి గల ఐదో గేరులో, అదే 93 ఆక్టేన్ పెట్రోలుతో, టైర్లలో అదే గాలితో, ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత ప్రతిసారీ ఒకే స్థాయికి దిగేదాకా ఆగి, రెండు స్థితుల్లోనూ మూడేసి పుల్స్ (యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి తీసే కొలతలు) తీయించండి. షీటు తీసుకునేటప్పుడు గరిష్ఠ సంఖ్యతో సరిపెట్టుకోక, 3,000 నుంచి 7,000 ఆర్‌పీఎం వరకు రెండు గీతలనూ ఒకే గ్రాఫు మీద వేసి ఇమ్మని అడగండి.